పద్మక్క ఫోన్ ఎవరిని చూసింది?

నాకు దయ్యాల మీద ఎన్నడూ నమ్మకం లేదు. పుట్టుకతోనే చూపు లేదు కాబట్టి చీకటికి భయపడటం కూడా తెలియదు. జరిగింది జరిగినట్టు ఏ రోజుది ఆ రోజే బ్రెయిలీ డైరీలో రాసి పెట్టుకున్నాను. అందులోదే ఇక్కడ రాస్తున్నాను.

మా పద్మక్కకూ చూపు లేదు. ఖిలా వరంగల్‌లో మా మగ్గం గదిలో కూర్చుని వంటల వీడియోలు చేసేది. ఎంత దూరంలో కూర్చోవాలో తెలియడానికి ఫోన్ స్టాండుకు నూలుపోగు కట్టి, దాని చివరి ముడి గడ్డానికి తగిలేదాకా జరిగేది. తెర మీదున్నది చూపు లేనివాళ్లకు చదివి చెప్పే గొంతుతో "ఒక ముఖం, మధ్యలో" అని ఫోన్ చెప్పగానే పోగు వదిలేసి మొదలుపెట్టేది. అప్‌లోడ్ చేసి పెట్టేది మా పెద్దనాన్న కొడుకు రవన్న.

ఒకరోజు అక్క చెయ్యి కాగే నూనె వైపు పోతుంటే ఎదురుగా ఉన్న రవన్న చెప్పలేదు. చెయ్యి కాలింది. వాడు నవ్వాడు. ఆ వీడియో ముక్కకు నవ్వుల మోత కలిపి అక్క చానల్‌లోనే పెట్టాడు. కింద జనం రాసిన వెక్కిరింపులన్నీ ఫోనే అక్కకు చదివి వినిపించింది.

"నాకేం తెల్వది, ఆమెనే పెట్టుకుంది" అన్నాడు ఇంట్లో. అందరూ నమ్మారు. అక్క వీడియోలు మానేసి పోగును ఉండ చుట్టేసింది. ఆ వానాకాలమే జ్వరంతో పోయింది.

వాడి నోటితోనే నిజం రావాలని రోజూ కోరుకున్నాను. ఆ మాటా డైరీలో ఉంది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, అక్క ఫోన్‌తోనే రవన్న లైవ్ పెట్టాడు. "మా చెల్లెకు అన్నీ నేనే నేర్పిన" అని మొదలుపెట్టాడు. నేను ఫోన్ వెనక, మగ్గం దగ్గర ఉన్నాను. గదిలో ఇంకెవరూ లేరు.

ఫోన్ మాట్లాడింది. "రెండు ముఖాలు."

ఆ గొంతును వాడే ఎప్పుడో ఆపేశాడు.

"నా పక్కకు ఎవ్వలున్నరే వసంతా?" అని నన్ను అడిగాడు.

"రెండు ముఖాలు, మధ్యలో."

లైవ్ ఆపబోయాడు. ఆ గొంతు నడుస్తున్నప్పుడు తెరను ఒకసారి తడితే బటన్ పేరు చదువుతుందంతే. వెంటవెంటనే రెండుసార్లు తడితేనే పని చేస్తుంది. చూపున్నవాడు కదా, అది తెలియదు.

"గడ్డానికేదో తగుల్తాందే! జర బంద్ చెయ్యవే, నీకు దండం పెడత!"

నాకు ఆపడం వచ్చు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"తప్పైంది పద్మా! నేనే పెట్టిన ఆ వీడియో! నేనే!" అని ఏడ్చాడు. చూస్తున్న వాళ్లంతా విన్నారు.

"ఒక ముఖం" అని ఫోన్ ఊరుకుంది.

రికార్డింగ్‌లో రవన్న ఒక్కడే కనిపిస్తాడట. నేను స్టాండును తడిమి చూశాను. నూలుపోగు కట్టి ఉంది, చివర ముడితో సహా. అక్క చుట్టిన ఉండ నా పెట్టెలో అలాగే ఉంది. ఇది ఎవరు కట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

దాన్ని విప్పెయ్యమని రవన్న గడప అవతలి నుంచే బతిమాలుతాడు.

నేను విప్పను.