పరగడుపు భక్తుడు

మా భిలాయిలో ఇనుము తయారవుతుంది కాబట్టి మనుషులు కూడా ఇనుములాగే ఉండాలని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. ఇప్పుడు నన్ను చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. నాన్న రిటైరయ్యాక మేం మారిన వైశాలి నగర్ ఇంటి మెట్లెక్కేసరికే ఆయాసం, చొక్కా గుండీలకీ పొట్టకీ రోజూ తగువు. కానీ చదువు ముగించి, ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో నేను ములక్కాడకి హెల్మెట్ తగిలించినట్టు ఉండేవాణ్ని. సైట్లో పనివాళ్లు నాకు 'పెన్సిల్ సాబ్' అని పేరు పెట్టారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, మంచితనం చూశాక ఎదురుగానే అనడం మొదలెట్టారు. "పెన్సిల్ సాబ్, ఆంధీ ఆ రహీ హై, అందర్ ఆ జాయియే" అన్నాడు ఓ రోజు ఒక వెల్డరు. గాలివాన వస్తోంది, ఎగిరిపోతారు, లోపలికి రండి అని పాపం ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. అదే మరీ అవమానం. ఆ సాయంత్రమే వెళ్లి నెహ్రూ నగర్‌లో ఒక జిమ్ములో చేరిపోయాను.

ఆ జిమ్ము నడిపే ఆయన్ని అందరం 'ఉస్తాద్' అనేవాళ్లం. ఆయనకి మెడ అనేది లేదు, తలకాయ తిన్నగా భుజాల మీదే కూర్చుని ఉండేది. నెలల తరబడి గుడ్లు మింగి, బరువులెత్తి, అద్దంలో చూసుకుంటే ములక్కాడ కాస్త ముదిరింది తప్ప మరే మార్పూ లేదు. అప్పుడు ఉస్తాద్ నన్ను పక్కకి పిలిచి, అందరూ తీసుకునేదేనంటూ కండలు పెంచే సూదిమందు సంగతి చెవిలో ఊదాడు. నాకు భయం లేకపోలేదు. ఆ భయానికి కూడా ఆయన దగ్గర మందుంది. "డర్‌నా నహీఁ. ఖూన్ చెక్ కరాతే రహనా, బస్" అన్నాడు. రక్తం పరీక్ష చేయించుకుంటూ ఉంటే చాలట. మొదలెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, అయిపోయాక ఒకసారి. ఆహా, ఎంత శాస్త్రీయం అనుకున్నాను. తాగి బండి నడిపేవాడు హెల్మెట్ ఉంది కదా అని ధీమాగా ఉన్నట్టు, పరీక్ష ఉంది కదా అని నేనూ ధీమాగా సూదికి లొంగిపోయాను.

రక్తం ఇవ్వాలంటే ఎక్కడ ఇవ్వాలి? మా ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా ప్లాంటు ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ చీటీ రాసే ఆయన దగ్గర్నుంచి కట్టు కట్టే ఆయన దాకా అందరూ నాన్నకి తెలిసినవాళ్లే. నేను చెయ్యి చాచిన గంటలో కబురు ఇంటికి చేరిపోతుంది. మా నాన్న సంగతి చెప్పాలి. ప్లాంటు లాబ్‌లో పని. కొలిమిలో స్టీలు కరుగుతూంటే అందులోంచి తీసిన శాంపిల్‌ని పరీక్షించి, ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంట్లో సాంబారు కూడా శాంపిల్ చూడందే 'పాస్' చేసేవారు కాదు. తాగుడంటే ఎంత కోపమో దొంగమందులంటే అంత కోపం. దేవుడంటే కోపం లేదు గానీ నమ్మకమూ లేదు, గుడికొస్తే బయట చెప్పుల దగ్గర నిలబడేవారు. ఆయనకి తెలిసిందా, నా పని ఆఖరు. అందుకని ఒక ప్రైవేటు లాబ్‌కి ఫోన్ చేశాను. స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసే ఒక దీదీ ఉంది, శనివారం పొద్దున్న రిటైరైన పెద్దాళ్ల సుగరు పరీక్షలకి ప్లాంటు క్వార్టర్లుండే మా సెక్టారుకి వస్తుంది అన్నారు. ఇంటికి రావద్దు దీదీ, మా తెలుగువాళ్ల గుడి వెనకాల సిమెంటు బెంచీ ఉంది, అక్కడికి రా అని బతిమాలుకున్నాను.

చిక్కల్లా పరగడుపుతో వచ్చింది. పరీక్షకి ఏమీ తినకుండా వెళ్లాలి. ఆ శనివారం పొద్దున్న పళ్లెంలో ఇడ్లీలు పెట్టిన మా అమ్మ, నేను చెప్పులేసుకోవడం చూసి గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఏటిరా, ముట్టుకోకుండానే వెళ్లిపోతన్నావు? ఒంట్లో బాగోలేదేటి?" అంది. ఆ క్షణంలో నా నాలుక మీద ఏ పాపం కూర్చుందో గానీ, "ఈవేళ శనివారం కదమ్మా, ఒక్కపొద్దు" అనేశాను. అమ్మ కళ్లు చెమర్చాయి. "మా నాయనే! ఏడుకొండలవాడు ఇన్నాళ్లకి నీకు బుద్ధిచ్చేడురా!" అని నెత్తిన చెయ్యి పెట్టింది. నాకు మూడు శనివారాలు చాలు. అమ్మకి మాత్రం అన్ని శనివారాలూ కావాలి. మొక్కన్నాక మధ్యలో మానకూడదట.

రోజుకి ఆరుసార్లు తినాల్సిన కండలవీరుడు శనివారం వచ్చిందంటే మధ్యాహ్నం ఒక్క పూట, అదీ ఉల్లిపాయ పడని పప్పన్నం తిని ఊరుకోవాలి! గుడ్డు అన్న మాట ఆ రోజు మా గడప దాటకూడదు. ఉడకబెట్టిన గుడ్లు స్కూటర్ డిక్కీలో దాచుకుని సందు చివర నిలబడి మింగేవాణ్ని. మే నెల భిలాయి ఎండలో డిక్కీలో గుడ్డు ఏమవుతుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. "ఏటిరా ఈ కంపు?" అని అమ్మ ముక్కు మూసుకుంటే, "ప్లాంటు గ్యాసమ్మా, గాలి ఇటు తిరిగినట్టుంది" అన్నాను. (పాపం, ఆ ప్లాంటు మాకు ఇంత అన్నం పెట్టింది, ఆ నింద కూడా మోసింది.) ఇంతలో నా భక్తి సెక్టారంతా పాకిపోయింది. మొహం నిండా మొటిమలు లేస్తే ఉపవాసం వేడి అన్నారు. మందు ప్రభావానికి అయినదానికీ కానిదానికీ నేను రంకెలు వేస్తూంటే, "వాడిలో నరసింహస్వామి అంశ ఉంది" అని అమ్మ పసుపు నీళ్లు చల్లేది. కల్యాణానికి పల్లకి మొయ్యమని గుడివాళ్లు పిలిచారు, బలమూ భక్తీ ఒకే మనిషిలో దొరకడం అరుదట. మొయ్యక తప్పుతుందా, మోశాను. స్వామి నా భుజం మీదే ఊరేగుతూ నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది.

మధ్యలో చేసిన పరీక్షలో లివరు లెక్క ఉండాల్సినదానికన్నా చాలా పైకి పోయింది. ఉస్తాద్ చూసి "హో జాతా హై" అని నా వీపు చరిచాడు. అవుతూ ఉంటుందట! ఎవరి లివరు, ఎవరికి అవుతూ ఉంటుంది? ఆ రోజునుంచి అద్దం ముందు నిలబడితే చేతులు చూడ్డం మానేసి కళ్లు పచ్చబడ్డాయా అని చూసుకునేవాణ్ని. భయమేస్తే ఎవరికైనా చెప్పుకోవాలి కదా, చెప్పుకోడానికి ఎవరూ లేరు. ఉస్తాద్‌కి చెబితే నవ్వుతాడు, నాన్నకి చెబితే చంపుతారు. ఆఖరి పరీక్షలో ఏం తేలుతుందోనని వణుక్కుంటూనే మూడో శాంపిల్ ఇచ్చి ఇంటికొచ్చాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికి అమ్మ గోడకి చేరగిలబడి ఏడుస్తోంది. పక్కన బాల్కనీ పిన్ని. (చుట్టం కాదు. విజయనగరం వైపునుంచి వచ్చినవాళ్లంతా మాకు పిన్నులే. ఆవిడ బాల్కనీలోంచి గుడి వెనకభాగం కనబడుతుంది, అందుకని ఆ పేరు.) రాత్రి షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన నాన్న టీ గ్లాసుతో కుర్చీలో ఉన్నారు.

"ఈ కళ్లతో చూసేను వదినా! మూతికి చున్నీ చుట్టుకున్న పిల్ల, మీవోడి చెయ్యట్టుకుని ఏటో కట్టింది. మీవోడు కళ్లు మూసీసుకున్నాడు. ఆ పిల్ల చేతిలో చిన్న సీసాడు కుంకం, ఎర్రగా, ఇలగ ఊపింది. అయ్యేక మీవోడు చెయ్యి మడిచీసి గుండెకి ఆనించుకున్నాడు!" అంది పిన్ని. అమ్మ శోకం పైస్థాయికి వెళ్లింది. "గుళ్లోనే పెళ్లేటిరా! ఒక్కపొద్దులన్నీ ఆ పిల్ల కోసమేనేటిరా! ఎవరి పిల్లరా?" అంది. సీసాలోకి రక్తం రావడం చూడాలంటే నాకు భయం, అందుకు కళ్లు మూసుకున్నాను, ఆ కట్టింది రబ్బరు పట్టీ అని చెబితే పరీక్ష ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే నాన్న ఎదురుగానే ఉన్నారు. నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం పాటు పెళ్లయిపోయిందని ఒప్పేసుకుంటే పోలేదా అనిపించింది. పెళ్లికైతే రెండు నెలలు తిట్టి ఊరుకుంటారు. కాకపోతే దీదీకి పక్కనే చరోదాలో రైల్వేలో పనిచేసే మొగుడూ ఇద్దరు పిల్లలూ ఉన్నారు.

నేను ఈ లెక్కలో ఉండగానే బయట స్కూటీ ఆగింది. చున్నీ చుట్టుకున్న మూతి, చేతిలో పెట్టె. "భయ్యా, ఫోన్ క్యోఁ నహీఁ ఉఠాతే?" అంటూ లోపలికొచ్చేసింది. శాంపిల్ సీసా చేజారి పగిలిందట, నేను ఫోనెత్తకపోయేసరికి చీటీ మీది అడ్రసు చూసుకుని వచ్చిందట, మళ్లీ ఇవ్వాలట. "కుఛ్ ఖాయా తో నహీఁ? ఖాళీ పేట్ హో నా?" అని, ఏమీ తినలేదు కదా, పరగడుపే కదా అన్నట్టు చూస్తూ చున్నీ విప్పింది. బాల్కనీ పిన్ని ఎగిరిపడింది. "అయ్యో, మా ఆయన సుగరుకి వచ్చే దీదీ కాదేటి!" 'ఖాళీ పేట్' అన్న మాట అమ్మ బుర్రలోకి మెల్లమెల్లగా దిగడం, దిగుతున్నకొద్దీ ఏడుపు ఆగి ముక్కుపుటాలు అదరడం నేను చూశాను. నాన్న టీ గ్లాసు కింద పెట్టి, "కౌన్‌సా టెస్ట్?" అన్నారు. దీదీ లివరు, కొలెస్ట్రాలు, హార్మోన్లు అని అన్నం వడ్డించినంత మామూలుగా చెప్పేసింది. నాన్న నా చేతులకేసి చూశారు, మొటిమలకేసి చూశారు. "ఏటి కలిపేవురా?" అన్నారు.

హీటు, అంటే కొలిమిలో ఒక విడత స్టీలు, పాడైందంటే ఆయన ప్లాంటులో మొట్టమొదట అడిగే ప్రశ్న అదేనట. అన్నీ చెప్పేశాను, లివరు సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఏడుపొచ్చేసింది. "అయితే పెళ్లవలేదేటి?" అంది పిన్ని కాస్త నిరాశగా. "పెళ్లే నయం కదే!" అని అమ్మ మళ్లీ మొదలెట్టింది. నాన్న కేకలెయ్యలేదు. "చెత్త మెటీరియల్ వేసుకుంటూ, మాటిమాటికీ శాంపిల్ తీసినంత మాత్రాన స్టీలు మంచిదయిపోదురా. శాంపిల్ చెడిందని చెప్తాది, అంతే. ముందు వెయ్యడం మానాల" అన్నారు. తర్వాత దీదీకేసి తిరిగి, "తీయమ్మా, మళ్లీ తీయ్" అని, సూది గుచ్చేటప్పుడు నా కళ్లకి తన అరచెయ్యి అడ్డం పెట్టారు. సోమవారం ఆయనే నన్ను ప్లాంటు ఆసుపత్రికి తీసుకెళ్లి, తెలిసినవాళ్లందరి ముందూ జరిగింది జరిగినట్టు డాక్టరుకి చెప్పారు.

సూది మానేశాను. కండలు వచ్చినదానికన్నా తొందరగా వెళ్లిపోయాయి. లివరు మాత్రం తీరిగ్గా దిగింది. లెక్క సరైన రోజున నాన్న ఆ కాగితం దీపం కింద చాలాసేపు చూసి, "పాస్" అన్నారు. దొంగ ఒక్కపొద్దులు దేవుడి ఖాతాలో పడవని తేల్చి, మర్నాడు శనివారం అమ్మ నాకు ఇడ్లీలు పెట్టేసింది. అప్పట్నించీ ఏ శనివారమూ నేను వదల్లేదు, ఎదురుగా నాన్న ఉత్త టీ తాగుతూ పేపరు చదువుతూంటే నేను హాయిగా తింటూనే ఉన్నాను. ఆయనకి పొద్దున్న ఆకలెయ్యదు కాబోలు అనుకున్నాను.

మొన్నీమధ్య నాన్నకి సుగరని తేలింది. పొద్దున్న కడుపు ఖాళీగా ఉంచొద్దన్నాడు డాక్టరు. శనివారం నేను ఇడ్లీ ముందు పెడితే ఆయన పళ్లెం పక్కకి జరిపేశారు. నేను గొంతు పెంచాను. అమ్మ వంటింట్లోంచి, "తినరురా ఆయన! నీ లివరు బాగయితే శనివారాలు ఒంటిపూట ఉంటానని అప్పుడు మొక్కీసుకున్నారు" అంది. చెప్పుల దగ్గర నిలబడే మా నాన్న! నాన్న పేపరు పైకెత్తి మొహం దాచుకుని, "ఎన్నాళ్లో చెప్పడం మర్చిపోయేనురా. గ్యారంటీ పీరియడ్ మాట్లాడుకోలేదు. ఇప్పుడు మానీస్తే మళ్లీ నీకేటవుతాదో" అన్నారు.

డాక్టరునీ, అమ్మనీ, గుడి పూజారినీ అడిగి చివరికి ఒక ఒప్పందం కుదిర్చాను. కొడుకు మీద మొక్కు కాబట్టి కొడుకు తీర్చవచ్చునట. ఇప్పుడు శనివారం ఇడ్లీలు నాన్న తింటారు, ఉత్త టీ నేను తాగుతాను. పదింటికల్లా కడుపులో పేగులు అరుస్తాయి, సైట్లో కుర్రాళ్లు విని నవ్వుకుంటారు, ఆ కండల కుర్రాడు గుర్తొచ్చి నేనూ నవ్వుకుంటాను. "ఏటిరా, భక్తి ముదిరిపోనాదేటి?" అని గుళ్లో కనబడినప్పుడు బాల్కనీ పిన్ని అడిగితే, అవును పిన్నీ అంటాను. ఈసారి అబద్ధం కాదు.