ముప్పై నాలుగు మెట్లు

నాజ్మియె మోకాళ్లు అరిగింది బొగ్గుగనిలో కాదు. గనిలోకి దిగినవాడు ఆమె మొగుడు, ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆమె మోకాళ్లు మసీదు తినేసింది.

జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో ఇరవై రెండేళ్లు, కొత్త మసీదు చందా కోసం ప్రతి ఆదివారం గుడారంలో నేలమీద కూర్చుని, పీట మీద పిండి పల్చగా వత్తి, పాలకూరా చీజూ పెట్టి మడిచి, గోజ్లెమెలని తమ టర్కీ రొట్టెలు కాల్చింది. జర్మన్లు వరస కట్టి మరీ కొన్నారు. మసీదు సగం గోడలు లేచింది ఆ పెనం మీదనే. కమిటీ మగవాళ్లు ఈ సంగతి కాదనరు, అలాగని నోరారా చెప్పనూ చెప్పరు.

పాత మసీదు ఒక మూతపడ్డ పరుపుల దుకాణం. ఒకటే గది, వెనక ఆడవాళ్లకి తెర. కొత్తదానికి గుమ్మటం వచ్చింది, మినారు వచ్చింది, ఆడవాళ్ల చోటు మాత్రం మేడమీదికి పోయింది. లిఫ్టు తర్వాతట. కింద ఒక్క తెర కట్టించమని మూడేళ్లుగా కమిటీ పెద్ద బెకిర్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "చూద్దాం అక్కా" అనేవాడు. ఏం చూశాడో ఆ దేవుడికే తెలియాలి.

ప్రారంభం రోజు మొదటి నమాజుకి పైకి బయల్దేరి, తొమ్మిదో మెట్టు మీద కూలబడింది. బెకిర్ పరుగున వచ్చాడు.

"ఎందుకక్కా ఈ అవస్థ? వంటగదిలో మైకు పెట్టించాం. పెనం దగ్గర కూర్చునే వినొచ్చు."

"వినడానికా నేనింత చేసింది?"

"ఇవాళ గొడవొద్దు, అతిథులున్నారు."

ఒళ్లు మండిపోయింది. కిందికి దిగి వంటగదిలోకెళ్లి, కాల్చిన గోజ్లెమెల పళ్లేలన్నీ ఆడవాళ్ల చేత మేడమీదికి పంపించేసింది. గుడారంలో పరిచే పాత గళ్ల దుప్పటి తీసుకుని, పెద్ద హాల్లో వెనక రెండు స్తంభాలకి కట్టింది. దాని వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. మగవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకుంది.

బెకిర్ దుప్పటి అవతల నిలబడ్డాడు. "అక్కా, నమాజవగానే అతిథులకి పెట్టాలి. గోజ్లెమెలేవీ?"

"పైనున్నాయి."

"పైనెందుకు?"

"ఆడవాళ్ల చోటు అదేగా. ముప్పై నాలుగు మెట్లు, తమ్ముడూ. నీ మోకాళ్లు బాగానే ఉన్నాయిగా, ఎక్కి తెచ్చుకో."

అంతలో అజాన్ ముగిసి నమాజు మొదలైంది. అతనింకా అక్కడే ఉన్నాడో పోయాడో ఆమె చూడలేదు. తలగుడ్డ సర్దుకుని చేతులు పైకెత్తింది.