నా బ్యాగు, సారు టిఫిన్ డబ్బా

నాది మావోయిస్టుల ఏరియా అని పేరుపడిన చర్ల దగ్గర ఊరు. ఆఫీసులో సీనియర్ సారుకు రోజూ అదే జోకు. ఈ రోజు కూడా నేను రాగానే, "బ్యాగు చూడుండ్రి, బాంబు గిట్ల ఉంటది" అన్నాడు. అందరూ నవ్వారు. దారిలో పోలీసు క్యాంపు దగ్గర నిజంగానే బ్యాగు విప్పి చూపించి వచ్చిన నాకు నవ్వు రాలేదు. ఇక ఆపమన్నాను.

"ఏంది తమ్మీ, గింత సెన్సిటివ్ అయితే ఎట్ల?" అన్నాడు.

మధ్యాహ్నం ఆయన టిఫిన్ డబ్బా తీయగానే, "సార్, జర మూత తీసి చూపియ్యుండ్రి, బాంబు గిట్ల ఉందేమో" అన్నాను.

"నన్నే అనుమానిస్తవా?" అంటూ తినకుండా లేచి మేనేజర్ దగ్గరికి పోయాడు. సాయంత్రం నాతో సారీ చెప్పించారు.

మీ ఆఫీసుల్లో ఎలాగో చెప్పండి. మా దగ్గర మాత్రం నాకు మండితే సెన్సిటివ్, ఆయనకు మండితే పరువు.