దూలగొండి గింజల కోసం ఉద్దానం వెళ్లి

జాకెట్లు కుట్టి నన్ను చదివించింది మా అక్క. మూడేళ్లుగా ఆమెకు పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. దూలగొండి గింజల్లో దానికి మందుందని ఫోన్‌లో చూసి, "ఉద్దానంలో లచ్చుమమ్మ అనే ముసలమ్మ ఇస్తుందట, తెచ్చిపెట్టవే" అంది. అక్క నన్నేదైనా అడగడమే అరుదు. మారుమాట లేకుండా బయల్దేరాను.

విశాఖలో ఉదయం ఆరింటికి రైలెక్కితే తొమ్మిదిన్నరకి పలాస. స్టేషన్ బయట ఇడ్లీ తిని, కాశీబుగ్గలో వజ్రపుకొత్తూరు వైపు షేర్ ఆటో ఎక్కాను. మనిషికి నలభై రూపాయలు. దారంతా జీడితోటలు, కొబ్బరిచెట్లు. ఆటో ఆగిన ఒకచోట కంచె మీద నూగుపట్టిన కాయల గుత్తులు కనిపిస్తే, ఇవేనేమో అని చెయ్యి చాచాను.

"ముట్టుకోకండమ్మా! సాయంత్రం దాకా గోక్కుంతారు" అని డ్రైవర్ కేకేశాడు. అప్పటికే ముట్టుకున్నాను.

లచ్చుమమ్మ ఇల్లు చేరేసరికి మోచేతి దాకా దద్దుర్లు. ఆవిడ నవ్వి, పొయ్యిలో బూడిద తెచ్చి రాసింది. అక్క సంగతంతా విని, "మీ యక్కకి క్రియాటిన్ ఎంత?" అంది.

బిత్తరపోయాను. కిడ్నీ జబ్బుతో నలిగిన ఊళ్లివి. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే ఆ అంకెని, పిల్లల వయసు అడిగినట్టు ఇక్కడ అడుగుతారు. నాకు అక్క జన్మనక్షత్రం తెలుసు, అది తెలీదు.

"అది తెలకండా మందు కావాలేటి? ఏరైనా ఆకైనా ఆ కాయితం సూడందే నానివ్వను. మాత్తర్లేటి మింగుతంది?"

ఫోన్‌లో అక్క మందుల చీటీ ఫోటో చూసి మాత్రల పేరు చదివాను.

"ఆ మాత్తర్లో మందే ఈ గింజలోనూ ఉందంట. డాట్రు సెప్పాడు. నాను తెలీక మా ముసలాయనకి రెండూ ఏసీసినాను. సెయ్యి వణుకు ఆగింది గానీ, ఒల్లంతా మెలికలు తిరిగిపోనాది." గింజల డబ్బా మూత పెట్టేసింది.

ఇంతదూరం వస్తే ఇదా అని నాకు కోపమే వచ్చింది. రెండింటి ఆటోకి తిరుగుముఖం పట్టాను.

ఏడింటికి ఇల్లు చేరగానే అక్క "తెచ్చావా?" అంది.

"లేదు. నీ క్రియాటినిన్ ఎంతని అడిగింది. చెప్పలేకపోయాను."

"నాకూ తెలీదే. ఇన్నాళ్లలో నువ్వూ అడగలేదు" అంది అక్క.

ఆ మాటకి సిగ్గుపడ్డాను. మొక్కలో మందు లేదని కాదు. ఉంది గనకే లచ్చుమమ్మ భయపడింది. మీరూ ఇలాంటి మందు కోసం బయల్దేరుతుంటే ఒక్కటే మాట: మందుల చీటీ, రక్తపరీక్ష కాగితం మీ డాక్టరుకి చూపించి, ఆయన సరేనన్నాకే టికెట్ కొనండి. మర్నాడు అక్కకి రక్తపరీక్ష చేయించి తీసుకొచ్చాను. మిషన్ సూదిలో దారం నేనెక్కించాను. తొక్కింది అక్కే.