కరణానికి సూది వేళ

చీమలు చెప్పిన రోగం అది.

పెరట్లో ఉతుకుడు బండ పక్కనున్న ఇసుకలో చీమలు బారులు కట్టి ఉంటే, దేవకమ్మ చీపురు పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. ఆ ఇసుక కరణం ఒంటికి పోసే చోటు. కరణమంటే వాళ్ళ పిల్లి. ఏ ఇంట్లో ఏం వండారో వీధంతా తనిఖీ చేసుకొని వస్తుందని ఆమె భర్త తిరుమలయ్య దానికా పేరు పెట్టాడు. ఇదివరకు ఒకసారి స్నానాల గది తూము దగ్గర ఇలాగే చీమలు మూగితేనే తిరుమలయ్యకు షుగరని బయటపడింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆమె రెండు పూటలా ఆయనకు ఇన్సులిన్ సూది వేసింది. ఆయన పోయి ఏడాది కూడా సరిగా తిరగలేదు.

తిరుపతి రైల్వే స్టేషను వెనక సందులో దేవకమ్మ రవికలు కుడుతుంది. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాత రవికల కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, ఏ ముక్కను ఎందుకట్లా కోశారో చూసి నేర్చుకుంది. కాబట్టి చీమలను చూసి దిగులుపడుతూ కూర్చోలేదు. ఇసుక తీసేసి, సన్నటి గులకరాళ్ళు కడిగి, అడుగున చిల్లి పెట్టిన రేకు తట్టలో పోసింది. కరణం మొదట అలిగింది, తర్వాత ఒప్పుకుంది. కింద పెట్టిన గిన్నెలోకి దిగిన చుక్కలను, భర్తకు షుగరు ఎంతుందో చూడడానికి కొన్న నీలం మందులో కలిపి గాజు గొట్టంలో మరగబెట్టింది. నీలం ఆకుపచ్చకు తిరిగి, పసుపై, చివరకు ఇటుక రంగులో నిలిచింది. ఆ రంగు ఆమెకు బాగా తెలుసు.

పూలబుట్టలో పిల్లిని పెట్టి, పైన తువ్వాలు కట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు బాలసుబ్రమణ్యం దాన్ని నేల మీద వదిలి నడక చూశాడు. వెనక కాళ్ళను వేళ్ళ మీద మోపకుండా, మడమలు ఆనించి, చెప్పులీడ్చే ముసలివాళ్ళ మాదిరి నడిచింది.

"షుగరే. రోజూ రెండు పూటలా సూదెయ్యాల. ఇంట్లో ఎవురేస్తారమ్మా?"

"నేనే ఏస్తా సార్. మా ఆయనకేసిన చెయ్యే."

"మనిషికేసినట్టు కాదు. మీ ఆయనకు సూదేసి అరగంటకు టిఫను పెట్టుంటావు. దీనికి ముందు తిండి. కడుపు నిండా తినిందని కండ్లారా సూసినాకే సూది. తినకపోతే ఆ పూటకు మానెయ్. ఖాళీ కడుపు మీద ఏస్తే షుగర్ దిగిపోయి అట్లే పోతాది."

దేవకమ్మ తలూపింది. "మెడ ఎనక తోలు ఎట్ల పట్టుకోవాల్నో ఒకసారి సూపీండి సార్" అని మాత్రం అడిగింది.

రవిక చేతికి కుచ్చు పట్టినట్టు రెండు వేళ్ళతో తోలు పైకెత్తి, ఆ మడతలోకి సూది దింపాలి. రెండో రోజుకే చెయ్యి కుదిరింది. ఇంట్లో ఫ్రిజ్జు లేదు. మందు సీసాను తడి ఇసుక మధ్య చిన్న కుండలో పెట్టింది. వాడేముందు దాన్ని అరచేతుల మధ్య నిదానంగా దొర్లించేది. కుదిపితే నురగ వస్తుంది, నురగలో కొలత నిలవదు.

ఆమెకు కష్టమనిపించింది సూది కాదు, అది మళ్ళీ మొదలవడం. పొద్దున వాకిలి చిమ్మే వేళ ఒకటి, సాయంత్రం దీపం పెట్టే వేళ ఒకటి. ఆ రెండింటి నడుమ ఎంత దూరం పోయి రాగలదో అంతే ఆమె లోకం. శ్రీకాళహస్తిలో పెళ్ళికి పోయి పందిట్లో భోజనాలు మొదలవకముందే తిరుగు బస్సెక్కింది. తడలో ఆడబిడ్డ ఇంటికి పోవడం మానేసింది. తిరుమలయ్య దినాల్లో ఎవరో ముసలావిడ ఆమె చెవిలో "ఇంక నీ కాళ్ళు నీవి" అంది. అంత దుఃఖంలోనూ ఆ మాటకు ఒంట్లో ఏదో తేలికైంది. అట్లా తేలికైనందుకు సిగ్గుపడింది కూడా. ఇప్పుడు ఆ సిగ్గు మిగిలింది గానీ తేలికదనం లేదు.

పక్కింటి భారతమ్మ గోడ మీదనుంచి తొంగిచూసి అనేది, "ఏమ్మే దేవకీ, మొగుడు పోయినా సూది పోలేదే నీకు. ఆయనే ఈ పిల్లిలో దూరినాడేమో సూడు."

"ఆయన సూదికి కుయ్యో మొర్రో అనేవాడక్కా. ఇది నోరెత్తదు."

"అయితే ఆయన కాదులే."

ఆషాఢంలో అక్క కూతురు నవీన చిత్తూరు నుంచి వచ్చింది. అక్కడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డు పెడుతోంది.

"కుట్టేవోళ్ళు దొరికినారు చిన్నమ్మా. కోసేవోళ్ళే దొరకలా. నువ్వు రా, కటింగ్ మాస్టరుగా."

దేవకమ్మ చూసిన షెడ్లన్నిటిలో ఆడవాళ్ళు మిషను ముందు కూర్చుంటారు, కత్తెర మగవాడి చేతిలో ఉంటుంది. పొడుగాటి బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, సుద్దతో గీసి, ఒక్క కోతలో ఒక తరగతి పిల్లలందరి చొక్కాలూ లేపడం మాస్టరు పని. గీత తప్పితే అన్ని చొక్కాలూ తప్పుతాయి. అందుకే ఆ పని మీద ఆమెకు మోజు. ఒక్కొక్క రవిక కోస్తూ ఇన్నేళ్ళూ ఆ బల్లనే తలుచుకుంది.

"ఎప్పటికి రావాల?"

"విజయదశమికి షెడ్డు తెరస్తా. ఉండేదానికి పైన ఆడోళ్ళ గదులుండాయి."

"కరణం?"

"పిల్లి కుదరదు చిన్నమ్మా. గుడ్డ మీద బొచ్చు పడితే సరుకు వాపసు కొడతారు. ఎవురికన్నా అప్పజెప్పు."

అప్పజెప్పడానికి భారతమ్మ తప్ప ఎవరున్నారు? దేవకమ్మ ఆమెను కూర్చోబెట్టి, బత్తాయి పండు చేతికిచ్చి, నీళ్ళ సూదితో నేర్పబోయింది. భారతమ్మ కళ్ళు మూసుకొని గుచ్చింది. సూది పండును దాటి ఆమె బొటనవేలిలో దిగింది.

"పిల్లికి పాలు పొయ్యమంటే పోస్తా, మూతి తుడవమంటే తుడస్తా. ఈ పని నా వల్ల కాదే తల్లీ" అని వేలు నోట్లో పెట్టుకొని లేచిపోయింది. ఇంకెవరిని అడగాలో తోచక, విజయదశమికి ఇంకా నెలలున్నాయి కదా అని దేవకమ్మ ఊరుకుంది.

పెరటాసి నెల వచ్చింది. అది వెంకటేశ్వరస్వామి నెల. ఆ వీధిలో ఎవరి పొయ్యి మీదికీ నీచు ఎక్కదు. అప్పటిదాకా భారతమ్మ ఇంటినుంచి వచ్చే చేప తలకాయలు ఆగిపోయి, కరణానికీ పాలన్నమే గతి అయింది. శనివారం నాడు తళిగ వేస్తారు. తలస్నానం చేసి, కొత్త కుండలో పొంగలి వండి, వడలు కాల్చి, అన్నీ అరిటాకులో స్వామికి పెడతారు. అంతవరకు ఇంట్లో ఎవరూ ఎంగిలి పడరు. పొయ్యి మీదిది పిల్లికైనా పెట్టరు. మొదటి శనివారాలు దేవకమ్మ ముందుచూపుతో రాత్రి అన్నం దాచి, పొద్దున్నే కరణానికి పెట్టి, తర్వాత సూది వేసింది.

విజయదశమికి ఇంకో వారం ఉందనగా ఆఖరి శనివారం వచ్చింది. వస్తావా రావా అని నవీన రెండుసార్లు భారతమ్మ ఇంటికి ఫోను చేసింది. రాత్రంతా ఆ ఆలోచనతోనే పడుకున్న దేవకమ్మ అన్నం దాచడం మరిచిపోయింది. పొద్దున తడి జుట్టుకు ముడి వేసుకొని, ఒక పక్క పప్పు నానబోసి, ఇంకో పక్క బెల్లం కొడుతూ, నడుమ కుండలోంచి సీసా తీసి, అరచేతుల్లో దొర్లించి, కరణం మెడ మీద తోలు ఎత్తి సూది దించింది. పదకొండేళ్ళ అలవాటు. ముందు సూది, తర్వాత టిఫను. ఆ చేతికి గుర్తున్నది భర్త వరసే.

కరణం గిన్నె దగ్గర కూర్చొని అరిచింది.

"ఉండు, తళిగ కానీ" అని ఆమె పిండి రుబ్బడానికి కూర్చుంది.

పొయ్యి మీద బెల్లం పాకం ఉడుకుతుండగా గిన్నె దొర్లిన చప్పుడైంది. వెనక్కి చూస్తే కరణం గోడవార పక్కకు ఒరిగి పడి ఉంది. తల వంకరగా వాలింది. కళ్ళు పెద్దవై ఎటో చూస్తున్నాయి. దేవకమ్మ పొడిగా ఉన్న గిన్నెను చూసింది, కిటికీలో పెట్టిన సూదిని చూసింది. తానేం చేసిందో అప్పుడు అర్థమైంది.

ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. తిరుమలయ్యకు చెమటలు పట్టినప్పుడల్లా చేసిందే. తీపి కావాలి, వెంటనే. అయినా కాళ్ళు కదల్లేదు. ఏమీ చెయ్యనక్కరలేదు. ఊరికే నిలబడితే చాలు. పిల్లి, అందులోనూ రోగిష్ఠి పిల్లి. ఎవరూ ఏమీ అనరు, పాపం అంటారు. కళ్ళ ముందు కోత బల్ల కనిపించింది, దాని మీద పరిచిన తెల్లగుడ్డ, సుద్దముక్క, పెద్ద కత్తెర కనిపించాయి. బయట సందులో నామాలు పెట్టుకున్నవాళ్ళు చెంబులు పట్టుకొని మొక్కు బియ్యం కోసం వచ్చి, వాకిట్లో "గోవిందా" అని పిలిచారు. నేల మీద కరణం నడుస్తున్నట్టు నాలుగు కాళ్ళూ ఆడిస్తోంది. ఎంత ఆడించినా ఉన్న చోటినుంచి అంగుళం కదల్లేదు.

దేవకమ్మ గరిటెతో పాకం తీసి, పళ్ళెంలో ఒంపి, ఊది, వేలితో కరణం చిగుళ్ళకు రాసింది. గొంతులో పోస్తే పొరపోతుందని రాస్తూనే కూర్చుంది. చెంప లోపల ఒకసారి, నాలుక కింద ఒకసారి.

ఎవరూ పలకకపోయేసరికి భారతమ్మ పెరటి దారిన వచ్చింది. "బియ్యానికొచ్చినోళ్ళు వాకిట్లో నిలబడుండారు, నువ్వేమి..." అంటూనే పళ్ళెం చూసింది. "ఏమ్మే, అది తళిగ బెల్లం కదా? స్వామికి పెట్టకముందే పిల్లి నోట్లో పెట్టినావా?"

"పెట్టినా."

"తప్పు కదే."

"తప్పే. దాని తల పట్టుకో అక్కా, జారిపోతాండాది."

భారతమ్మ ఒక్క క్షణం స్వామి పటం వైపు చూసి, లెంపలు వేసుకొని, కూర్చొని తల పట్టుకుంది. "సూది పట్టను గానీ తల పడతా" అంది.

చాలాసేపటికి కరణం నాలుక కదిలింది. తర్వాత దేవకమ్మ వేలిని తనే నాకింది. లేచి రెండడుగులు వేసి పడి, మళ్ళీ లేచింది. ఆమె పాలన్నం కలిపి దగ్గర పెట్టి, అది తిన్నంతసేపూ గిన్నెనే చూస్తూ కూర్చుంది. తర్వాత బుట్టలో పెట్టుకొని ఆసుపత్రికి పోతే, డాక్టరు చూసి ఆ సాయంత్రం సూది మానమన్నాడు. మర్నాటినుంచి మళ్ళీ మామూలే అన్నాడు. ఆ శనివారం ఆమె ఇంట్లో తళిగ పడలేదు.

ఆదివారం మధ్యాహ్నం నవీన వచ్చింది. భారతమ్మ ఫోనులో అంతా చెప్పేసింది.

"చిన్నమ్మా, కోపం సేసుకోవద్దు. అది దానంతట అదే పోతావుంటే నువ్వెందుకు అడ్డం పోయినావు?"

"దానంతట అది పోలేదు పాపా. నేను పంపిస్తి. గీత తప్పింది నేను."

"ఇంకా ఎన్నేండ్లు బతుకుతాది?"

"బాగా సూసుకుంటే రెండు మూడేండ్లన్నాడు."

"అన్నేండ్లూ ఈ సందులోనేనా?"

"గుడ్డ ఈడికి పంపీ. కోసి బస్సులో ఏసి పంపిస్తా" అంది దేవకమ్మ.

నవీన నవ్వింది, కానీ ఎగతాళిగా కాదు. "బల్ల నీ ఇంట్లో పట్టదు చిన్నమ్మా. ఈ గోడ పగలగొట్టి భారతమ్మ పెద్దమ్మ వంటిల్లు కూడా కలపాల."

"కలుపుకోండి, నాకు వంట తప్పుతాది" అంది గోడ అవతలనుంచి భారతమ్మ.

నవీన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టింది. "తిరుప్పూరు కటింగ్ మాస్టరు ఒకాయన వస్తానంటాండాడు. ఆయనకు సరే అననా?"

నవీన ఇంకొక్కసారి రమ్మని బతిమాలితే బాగుండునని దేవకమ్మకు అనిపించింది. బతిమాలినా తాను ఒప్పుకోనని తెలిసే అట్లా అనిపించింది.

"అను" అంది.

"మంచి పనోడేనంట."

"గీత పట్టుకొని సూడు. సుద్ద లావుగా గీస్తే వద్దను. గీత లావైతే కోత యాడ పడతాదో వాడికే తెలీదు."

పొద్దు వాలుతుండగా నవీన సంచీ భుజాన వేసుకుంది. "బస్టాండు దాకా రారాదా చిన్నమ్మా? మాట్లాడుకుంటా పోదాం."

దేవకమ్మ వాకిట్లో వెలుతురు చూసింది. దీపం పెట్టే వేళ. కరణం గిన్నె ముందు తలవంచి తింటోంది, ఇంకా సగమే అయింది.

"నువ్వు పో పాపా. మళ్ళీ బస్సు తప్పుతాది."

కరణం గిన్నె ఖాళీ చేసేదాకా ఆమె పక్కనే నిలబడింది. లోపల చీకటి పడింది. సూది మీద గీతలు కనబడాలని పిల్లిని చంకలో ఇరికించుకొని గడప దగ్గరికి వచ్చి, వెలుతురుకు ఎత్తి మందు కొలత చూసుకుంది. సందు చివర నవీన ఆగి వెనక్కి తిరిగింది, చెయ్యి ఊపింది.

ఊపడానికి దేవకమ్మకు ఖాళీ చెయ్యి లేదు.