టాపెట్ చప్పుడు వద్దన్నాను

మా అమ్మాయి చిన్నప్పుడు... ఒంటిపూట బడుల రోజులు. మిట్టమధ్యాహ్నం జగ్గయ్యపేట బడి నుంచి దాన్ని బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని చిల్లకల్లు వచ్చేవాణ్ణి. మా ఇల్లు హైవేకి అవతల. ఆ రోడ్డు దాటడం రోజూ ఒక గండమే. అప్పట్లో మధ్యన డివైడరు లేదు... లారీలకు అదుపూ లేదు.

మాది ఫోర్ స్ట్రోక్ బండి. అప్పటికి మా వైపు కొత్త. ఆగి ఉన్నప్పుడు ఇంజను లోపల సన్నగా టకటకమనేది. జగ్గయ్యపేటలో మా బావకు, అంటే మా అక్క మొగుడికి, బట్టల కొట్టు ఉండేది. ఒకరోజు కొట్టు ముందు పదిమంది వినేలా అడిగాడు.

"ఏం బామ్మర్దీ, కుట్టుమిషను మీద వచ్చావా?"

అందరూ నవ్వారు. నేను అటునుంచి అటే మెకానిక్ మస్తాను షెడ్డుకి వెళ్ళాను.

"కొంచెం మోగాలండి. వాల్వ్‌కీ, దాన్ని నొక్కే టాపెట్‌కీ నడుమ ఆ కాస్త సందు లేకపోతే, వేడెక్కాక వాల్వ్ సరిగ్గా మూసుకోదు" అన్నాడు మస్తాను.

ఇంటినిండా పుస్తకాలున్నవాణ్ణి... స్పానరు పట్టుకునేవాడు నాకు చెప్పేదేమిటనుకున్నాను. చప్పుడు పోయేదాకా బిగించమన్నాను. రెండుసార్లు వద్దని, మూడోసారి బిగించాడు.

మూడు వారాలు బండి వెన్నలా నడిచింది. బావ కూడా మెచ్చుకున్నాడు. ఆ తర్వాత వేడెక్కితే చాలు, లాగడం మానేసింది. నీడన కాసేపు ఉంచితే మళ్ళీ కదిలేది. ఎండలే అనుకున్నాను...

ఒకరోజు బడి నుంచి వస్తుంటే సరిగ్గా హైవే మధ్యలో ఆగిపోయింది. బెజవాడ వైపు నుంచి లారీ... కిక్కు కొట్టాను. ఎప్పటిలా కాలిని వెనక్కి తన్నలేదు. దూదిని తొక్కినట్టు కిందికి పోయింది. మళ్ళీ కొట్టాను. హారన్ మోత దగ్గరైంది. అమ్మాయి హ్యాండిల్ మీదున్న నా చేతిని రెండు చేతులా పట్టుకుంది. బండిని అక్కడే పడేసి, పిల్లను చంకనేసుకుని పరుగెత్తాను.

లారీ బండిని తప్పించుకుని, అమ్మాయి కాలి నుంచి జారిన చెప్పు మీదుగా వెళ్ళిపోయింది. చెప్పు కరిగిన తారులో అతుక్కుపోయింది.

మర్నాడు మస్తాను ప్లగ్ విప్పి, ఆ రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి నన్ను కిక్కు కొట్టమన్నాడు. లోపలి గాలి వేలిని నెట్టాలి. నెట్టలేదు. చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొట్టించాడు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిలుతో కాస్తయినా బలం వస్తుందట. రాలేదు. ప్లగ్ బిగించి తను మెల్లగా తొక్కుతూ, సైలెన్సరు దగ్గర నన్ను చెయ్యి పెట్టమన్నాడు. లోపల ఆగాల్సిన గాలి బుస్సుమని అరచేతికి తగిలింది.

ఇంజను హెడ్డు విప్పితే వాల్వ్ అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది.

"మూసుకోక, మంట తగిలి కాలిపోయిందండి" అన్నాడు. ముందే చెప్పానని మాత్రం అనలేదు.

బావ ఊరుకోలేదు. మస్తాను బండి చెడగొట్టాడని, పసిపిల్లను చంపబోయాడని తన కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదు. షెడ్డుకి బళ్ళు రావడం తగ్గింది. ఏడాది తిరక్కుండా మస్తాను నందిగామ వెళ్ళిపోయాడు.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. చదవాలనే రాస్తున్నాను. నవ్వించింది నువ్వు. బిగించమన్నది నేను. వద్దన్నవాడు మస్తాను ఒక్కడే.

ఆ తర్వాత చాలాకాలం, హైవే రాగానే అమ్మాయి బండి ఆపించేది. ఇంజను మీదికి వంగి చెవి పెట్టేది. "మోగుతోంది నాన్నా, పద" అన్నాకే నేను రోడ్డు దాటేవాణ్ణి.

ఇప్పుడు మా వీధిలో అన్నీ బ్యాటరీ బళ్ళు... చప్పుడే లేకుండా వచ్చి పక్కన ఆగుతాయి. అందరికీ హాయిగా ఉందట. నేను మాత్రం ఇంకా ఆ మోత కోసం చెవి ఒగ్గుతాను.

ఎవరో నవ్వారని మీరూ ఏదైనా చప్పుడు వద్దనుకున్నారా... చెప్పండి, వింటాను.