సలోమి టీచరమ్మ నేర్పిన ఒక్క మాట

ఇవాళ పొద్దున గడప లోపలికి ముందు నీడ వచ్చింది, తర్వాత పాలు పోసే మనిషి వచ్చాడు. గిన్నె పట్టుకుని ఆ నీడనే చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళయినా అంతే. నాకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట ఆ నీడదే. నేర్పింది సలోమి టీచరమ్మ.

సికింద్రాబాదు రెజిమెంటల్ బజార్‌లో మా ఆయన రహీం దర్జీ పని చేసేవాడు. మా గది పక్కనే టీచరమ్మ ఇల్లు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు, ఒంటరి మనిషి. సాయంత్రాలు ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. నేను ఆమె అరుగు మీద కాజాలు కుట్టుకుంటూ వినేదాన్ని. ఒకనాడు "ఫోర్‌షాడో" అన్న మాట వచ్చింది. పిల్లలకు అర్థం కాలేదు. ఆమె నన్ను లేపి, ఎండకు వీపు పెట్టి వాకిట్లో నిలబెట్టింది. నా నీడ నాకంటే ముందు గదిలోకి పోయింది.

"జైనబీ రాకముందే జైనబీ వస్తోందని తెలిసింది కదర్రా? కథలో రాబోయేదాన్ని అలా ముందే చూచాయగా చెప్పడమన్నమాట."

"నా అసొంటి లావు మనిషైతే బజార్ల నుంచే ఎర్కైతది టీచరమ్మా!" అన్నాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆమె మాత్రం నాకు నోరు తిరిగేదాకా ఆ మాట అనిపించింది. అక్షరం రాని నన్ను అట్లా లెక్కలోకి తీసుకున్న మనిషి అంతకుముందు ఎవరూ లేరు.

ఆ ఏడే పోలీసు చర్య. సైన్యం వచ్చింది, నిజాం సర్కారు లొంగింది. బీదర్ దిక్కు ఊళ్ళలో మావాళ్ళను చంపుతున్నారని వినబడింది. అక్కడ మా అత్త ఒంటరిగా ఉంది. తీసుకొస్తానని ఆయన బయలుదేరాడు. ప్రయాణం పోయేవాళ్ళ చేతికి మేము ఇమాం జామిన్ కడతాం, గుడ్డలో నాణెం చుట్టి. క్షేమంగా చేరాక విప్పి, ఆ నాణెం బీదవాళ్ళకు ఇస్తారు. నేను కట్టాను. గడప దాటకముందే ఆయన చేతి నుంచి విప్పేసి, నాణెం ముడి అట్లాగే మిషను మీద పెట్టాడు.

"ఏందిది? చేరకముందే ఇప్పుతరా?"

"తొవ్వల ఇది జూస్తే నేనెవరో ఎర్కైతది. పరేషాన్ గాకు. అమ్మీని తోల్కొచ్చినంక కడుదువు. జెర గుడ్డ సుత మార్చు, మాసింది."

ఆయన రాలేదు. అత్త ఏమయిందో కూడా తెలియలేదు.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ మీద పడి అరిచాను. "మీరు నేర్పిన మాటే గద! ఆ గుడ్డ నా కండ్ల ముంగటనే ఉండె. నాకెందుకు ఎర్క కాలే?"

ఆమె బైబిలు వాక్యం చదవలేదు, ప్రార్థన చేద్దామనలేదు. నా పక్కన నేల మీద కూర్చుంది. "కథ రాసేవాడికి చివర తెలుసమ్మా, అందుకే ముందు నీడ వేస్తాడు. మనకి అన్నీ అయిపోయాక, వెనక్కి చూస్తేనే అది నీడని తెలుస్తుంది. ఆ సంగతి మీకెవరికీ చెప్పలేదు నేను."

ఆ మాట నన్ను ఓదార్చలేదు. కానీ బజారంతా వస్తాడు, వస్తాడు అంటుంటే ఆమె అట్లా అనలేదు.

టీచరమ్మ కూడా పోయింది. ఆ గుడ్డముడి నా పెట్టెలో ఉంది. లోపలి నాణెం ఇప్పుడు చెల్లదు. చెల్లినా ఇవ్వలేను. ఆయన చేరాడని ఎవరైనా చెబితే కదా ముడి విప్పేది.